24 హెచ్‌పీ బండికి పాత పల్టీ నాగలి: రెండింట్లో ఏది కొనాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా. ఆరెకరాల నల్లరేగడి ఉంది. వానాకాలం సోయా, పత్తి వేస్తాం, యాసంగిలో శనగ. పోయిన ఏడు 24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ తీసుకున్నాను. ఆర్‌సీలో బండి బరువు 900 కిలోలని ఉంది, వెనుక టైర్లు 8.3-24. గరిక బాగా పట్టింది, రోటవేటర్‌కు చావడం లేదు. అందుకే మట్టిని అటైనా ఇటైనా తిరగవేసేలా తిప్పుకునే పల్టీ నాగలి పాతది కొందామని రెండు చూశాను. ఒకటి బిలోలీలో ఉంది. 12 అంగుళాల డబుల్ పల్టీ, హైడ్రాలిక్, కొత్తగా రంగు వేశారు, 38 వేలు చెబుతున్నారు, బరువు దాదాపు నాలుగు క్వింటాళ్లట. రెండోది బాసర దగ్గర ఉంది. 12 అంగుళాల సింగిల్ పల్టీ, చేత్తో తిప్పేది, క్వింటాలున్నర బరువు. రెండేళ్లుగా వేపచెట్టు కింద పడి తుప్పు పట్టింది, 17 వేలు. "డబుల్ తీసుకో, సగం తిరుగుళ్లు తప్పుతాయి" అంటాడు మా బావ. కిన్వట్ దగ్గర మా తమ్ముడి రాళ్ల చెలకకు కూడా ఇదే నాగలి వాడాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: బిలోలీది వదిలేయండి. అది మీ బండికి సరిపడే నాగలి కాదు, ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోవద్దు. బాసర దగ్గరిది మీ బండికి సరిగ్గా సరిపోయే సైజు. అయితే దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది కింద చెప్పిన నాలుగైదు పరీక్షలు చేశాకే తేల్చుకోండి. తుప్పును చూసి మాత్రం భయపడకండి.

డబుల్ ఎందుకు వద్దంటున్నామో ముందు చెబుతాం, మీ బావగారికీ లెక్క చూపించొచ్చు. నాగలిని లాగేది ఇంజన్ ఒక్కటే కాదు, టైరు నేలను పట్టుకునే పట్టు కూడా. ఆ పట్టు బండి బరువును బట్టి వస్తుంది. గట్టిగా ఉన్న కొయ్యకాళ్ల నేల మీద ఫోర్ వీల్ డ్రైవ్ బండి తన బరువులో 40, 45 శాతం దాకా లాగగలదు, అంతకు మించితే చక్రాలు అక్కడే తిరుగుతాయి. మీ బండి 900 కిలోలు. నాగలి బరువు కొంత వెనుక టైర్ల మీద పడుతుంది కాబట్టి అదీ కలిపి చూసినా మీకు దొరికే లాగుడు 400 నుంచి 430 కిలోలు.

ఇక నేల అడిగేది ఎంతో చూడండి. పదును మీదున్న నల్లరేగడిలో నాగలి కోసే ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోల లాగుడు కావాలి. నేల ఎండితే ఇంకా ఎక్కువ, ఇసుక కలిసిన తేలిక నేలలో ఇందులో సగం కూడా పట్టదు. 12 అంగుళాల రెక్క (మట్టిని తిరగవేసే వంపు రేకు) ఒకటి 30 సెంటీమీటర్ల వెడల్పు కోస్తుంది. ఏడు అంగుళాల లోతు, అంటే 18 సెంటీమీటర్లు దించితే 540 చదరపు సెంటీమీటర్లు, దాన్ని 0.7తో గుణిస్తే 378 కిలోలు. మీ బండి చేయగలిగిన పని అది, కాస్త మిగులు కూడా ఉంది. అదే రెండు రెక్కలైతే 756 కిలోలు. బండి లాగలేదు. లాగించాలంటే లోతును మూడున్నర అంగుళాలకు తగ్గించాలి. అంత పైపైన రెక్క నాగలి మట్టిని తిరగవేయదు, పక్కకు నెడుతుందంతే. గరిక వేళ్లు అలాగే ఉంటాయి. ఆ పనికి కల్టివేటర్ చాలు.

హెచ్‌పీ చాలదా అంటే, సింగిల్‌కు చాలా మిగులుతుంది. 378 కిలోలను గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో లాగడానికి ఐదున్నర హార్స్‌పవర్ సరిపోతుంది. 24 హెచ్‌పీ బండి పొలంలో అంతకు రెట్టింపు ఇవ్వగలదు. అందుకే చిన్న బండికి నాగలి కొనేటప్పుడు బానెట్ మీది అంకె కంటే ఆర్‌సీలో రాసిన బరువే ముందు చూడాలి. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు మినీ ట్రాక్టర్ల బరువులో రెండు, మూడు వందల కిలోల తేడా ఉంటుంది. పక్కూరి 24 హెచ్‌పీ బండి లాగిందని మీది లాగాలని లేదు.

లాగుడు సంగతి పక్కన పెట్టినా, ఎత్తినప్పుడు ప్రమాదం ఉంది. 900 కిలోల బండిలో ముందు ఇరుసు మీద 360 కిలోలు ఉన్నాయనుకోండి. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం మీటరున్నర. నాలుగు క్వింటాళ్ల నాగలిని ఎత్తితే దాని బరువు వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల అవతల వేలాడుతుంది. ముందు ఇరుసు నుంచి అది తీసేసే బరువు 320 కిలోలు. ముందు చక్రాల మీద ఇక మిగిలేది 40 కిలోలే. గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, రోడ్డు మీద స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. నాగలి ఎత్తి ఉన్నప్పుడు బండి బరువులో ఐదో వంతైనా, మీ బండికి 180 కిలోలు, ముందు చక్రాల మీద ఉండి తీరాలి. క్వింటాలున్నర నాగలితో 240 కిలోలు మిగులుతాయి, ఏ భయమూ లేదు. కొందరు ముందు బంపరుకు ఇసుక బస్తాలు కట్టి పెద్ద నాగలి ఎత్తిస్తారు. ముందు బరువు పెరిగినా లిఫ్ట్, హౌసింగ్ బోల్టులు, వెనుక ఇరుసు బేరింగులు అంత భారానికి చేసినవి కావు.

ఇంకో రెండు చిక్కులున్నాయి. హైడ్రాలిక్ పల్టీ తిరగాలంటే ట్రాక్టర్‌కు విడిగా డబుల్ యాక్టింగ్ ఆయిల్ అవుట్‌లెట్ ఉండాలి. చాలా మినీ ట్రాక్టర్లకు అది రాదు, వెనుక పైపు తగిలించే రెండు కప్లర్లు ఉన్నాయో లేదో చూడండి. పిన్నుల సైజులూ వేరు. మీ తరగతి బండ్లకు వచ్చేది కేటగిరీ 1 లింకేజీ (నాగలిని వెనుక మూడు చోట్ల తగిలించే ఏర్పాటు): కింది చేతుల గుండ్లలో 22 మిల్లీమీటర్ల పిన్ను, టాప్ లింక్‌కు 19 మిల్లీమీటర్ల పిన్ను, కింది రెండు పిన్నుల మధ్య 683 మిల్లీమీటర్లు. 45 హెచ్‌పీ బండికి చేసిన నాగలి చాలావరకు కేటగిరీ 2లో ఉంటుంది: కింద 28, పైన 25, మధ్య దూరం 825. చిన్న పిన్ను నాగలిని పెద్ద బండికి బుష్ వేసి తగిలించొచ్చు. 28 పిన్నును 22 గుండులో దూర్చే దారి లేదు. పిన్నులు కోసి కొత్తవి వెల్డ్ చేయిస్తామంటారు, నాగలి భారమంతా మోసే చోట ఆ వెల్డింగ్ వద్దు. బాసరదాన్ని చూడ్డానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లి ఈ మూడు కొలతలూ ముందే చూసుకోండి.

ఇప్పుడు ఆ సింగిల్ పల్టీ దగ్గరికి వద్దాం. వైరు బ్రష్షు, ఆకురాయి, మేస్త్రీలు వాడే నాలుగడుగుల అల్యూమినియం పట్టీ, టార్చి, టేపు తీసుకెళ్లండి. పేరుకు సింగిల్ అయినా అందులో రెండు నాగళ్లున్నాయి, ఒకటి కుడికి మట్టి వేసేది, ఇంకోటి ఎడమకు. రెండు కర్రులు (నేలను కింద కోసే మొనలు), రెండు రెక్కలు, రెండు పక్క పట్టీలు (చాలు గోడకు ఆనుకుని నడిచేవి). అమ్మేవాళ్లు బాగున్న వైపు పైకి పెట్టి చూపిస్తారు. తిప్పించి రెండో వైపూ అంతే ఓపికగా చూడండి.

మొదట చూడాల్సింది రెక్క. నల్లరేగడిలో రెక్క నాగలి పని చేయకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఇక్కడే ఉంటుంది. రెక్క అద్దంలా నున్నగా ఉంటే మట్టి దాని మీద జారి తిరగబడుతుంది. గరుకుగా ఉంటే బంకమట్టి అంటుకుంటుంది, అంటుకున్న మట్టి మీద ఇంకా మట్టి పేరుకుంటుంది, పది బారలు పోకముందే రెక్క స్థానంలో మట్టి ముద్ద నేలను తోసుకుంటూ పోతుంది. బండి లాగలేక ఆగుతుంది, తప్పు ఇంజన్ మీద పడుతుంది. అందుకే రెక్క మీది తుప్పు ఎంత లోతుకు దిగిందన్నదే అసలు ప్రశ్న. అరచేయంత చోటును బ్రష్షుతో, వీలైతే గ్రైండర్‌తో గీకించండి. తుప్పు పొడిగా రాలి కింద తెల్లటి ఇనుము తేలితే అది పైతుప్పే, రెండు పూటల పని. తెల్లటి ఇనుములో నల్లటి చుక్కలు మిగిలి, వేలిగోరు ఆ గుంటల్లో తట్టుకుంటే తుప్పు లోపల తినేసింది. గుంటలు రెక్క అంతా ఉంటే వదిలేయండి. వెనుక కొసలో మాత్రమే ఉంటే ఫరవాలేదు, మట్టి గట్టిగా ఒరిపిడి పడేది ముందు భాగంలోనే. రంగు వేసిన రెక్క కన్నా తుప్పు పట్టిన రెక్కే మేలని మేమంటాం, తుప్పు కింద ఏముందో గీకితే తెలుస్తుంది. పనిచేసే నాగలి రెక్కకు ఎవరూ రంగు వేయరు.

తర్వాత ఆకురాయితో రెక్క వెనుక అంచును ఒకసారి గీయండి. కిర్రుమని జారిపోతే గట్టి ఉక్కు. మెత్తగా కరచుకుని పొడి రాలితే మామూలు ఇనుప రేకు వంచి చేసిన రెక్క. లోకల్ వర్క్‌షాపుల్లో అలాంటివి చాలానే తయారవుతాయి. అవి తొందరగా అరుగుతాయి, గీతలు పడి మట్టిని పట్టుకుంటాయి. తేలిక నేలలకు నడుస్తాయేమోగాని మీ రేగడికి వద్దు. పట్టీ పట్టీగా సందులున్న రెక్క కనిపిస్తే మాత్రం విరిగిందనుకోకండి, బంకమట్టి అంటుకునే చోటు తగ్గడానికి అలా కావాలనే చేస్తారు. రెక్క ముందు అంచు, అంటే మట్టిని నిలువుగా కోసే చోటు, ఎంత మందం మిగిలిందో చూడండి. కత్తి అంచులా పలచబడి ఉంటే ఒక్క వేసవిలో చిరుగుతుంది. కర్రు, రెక్క కలిసే చోట వేలు కింది నుంచి పైకి నడిపించండి. రెక్క అంచు మెట్టులా పైకి తేలి వేలికి తగిలితే మట్టీ అక్కడే తగిలి పేరుకోవడం మొదలుపెడుతుంది. బోల్టు విప్పి సర్దితే పోయే మెట్టా, అరుగుదల వల్ల వచ్చిందా చూడండి.

కర్రు అరిగిందా లేదా అన్నది కంటితో తేలదు, కొలవాలి. అల్యూమినియం పట్టీని నాగలి అడుగున, పక్క పట్టీ మడమ (వెనుక కొస) నుంచి కర్రు మొన దాకా ఆనించండి. కర్రు వెనుక భాగం దగ్గర పట్టీకి, నాగలికి మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల సందు ఉండాలి. రెండు పది రూపాయల బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి దూరిస్తే దూరాలి. ఈ సందు వల్లే నాగలి తనంతట తాను భూమిలోకి దిగుతుంది. అలాగే పట్టీని పక్క నుంచి, చాలు గోడకు ఆనుకుని నడిచే వైపు కూడా ఆనించి చూడండి, అక్కడా ఐదు మిల్లీమీటర్ల దాకా సందు కావాలి. అది ఉంటేనే నాగలి వెడల్పంతా కోస్తుంది. మొన అరిగి సందు పోయిన నాగలి నేలమీద జారుతుంది. అప్పుడు చాలామంది టాప్ లింక్‌ను బిగించి మొనను కిందికి వంచుతారు. మొన గుచ్చుకుంటుంది, మడమ లేస్తుంది, చాలు అడుగు గతుకులు పడుతుంది, మొన ఇంకా తొందరగా అరుగుతుంది.

కర్రు అరిగి ఉంటే అది బేరానికి పనికొస్తుందే గాని నాగలిని కాదనడానికి కారణం కాదు. ఎలాగూ మార్చే వస్తువు. అయితే అదే కొలత కర్రు మీకు దొరకాలి. 1903లో కిర్లోస్కర్ ఇనుప నాగలి వచ్చిన నాటి నుంచి మహారాష్ట్రలో ఊరూరా నాగళ్లు చేసేవాళ్లు పుట్టుకొచ్చారు, ఒకరి కర్రు బోల్టు రంధ్రాలు ఇంకొకరి నాగలికి కలవవు. కర్రును పైనుంచి ఫోటో తీసి, రంధ్రాల మధ్య దూరం, బోల్టు మందం కొలిచి, ధర్మాబాద్‌లో గాని నాందేడ్‌లో గాని విడిభాగాల దుకాణంలో చూపించండి. కుడి కర్రు, ఎడమ కర్రు రెండూ ఉన్నాయని వాళ్లు చూపించాకే డబ్బు ఇవ్వండి. మొనలో విడిగా కడ్డీ ఉండే రకమైతే అదృష్టం: అరిగినకొద్దీ కడ్డీని ముందుకు జరిపి బిగించుకోవచ్చు, రాళ్ల నేలకూ అదే మంచిది.

ఆ తర్వాత తిరిగే ఇరుసు. నాగలిని జానెడు పైకి ఎత్తి, కింద దిమ్మలు పెట్టించి, కర్రు మొన పట్టుకుని అటూ ఇటూ ఊపండి. మొన అంగుళం దాటి ఊగితే బుష్ పోయింది. లేత్ షాపులో కొత్త బుష్ తిప్పించొచ్చు, కాని లోపలి షాఫ్ట్ మీద గాట్లు పడితే ఖర్చు పెరుగుతుంది. లాక్ పిన్ను పూర్తిగా రంధ్రంలో కూర్చుంటోందా, రంధ్రం కోడిగుడ్డులా సాగిందా చూడండి. రెండు వైపులా తిప్పి తిప్పి ఐదారుసార్లు లాక్ వేయించండి. లాక్ సరిగా పడని నాగలి ఎత్తినప్పుడు తనంతట తానే తిరిగి మనిషిని కొడుతుంది. పరీక్ష చేసేటప్పుడు కూడా పక్కన నిలబడకండి, కింద చేయి పెట్టకండి. ఇరుసు దగ్గర రెండు వైపులా వాలును ఆపే మర బోల్టులుంటాయి, అవి తుప్పుతో బిగుసుకుపోయినా ఫరవాలేదు, ఆయిల్ పోసి నానబెడితే వస్తాయి. ఎవరైనా వెల్డింగ్ చేసి మూసేసి ఉంటే సెట్టింగ్ మార్చుకోలేరు, అది పెద్ద లోపం.

ఫ్రేము చివరగా చూడండి. టార్చిని ఏటవాలుగా వేసి టాప్ లింక్ స్తంభం కింది మూలల్లో, దూలం మొదట్లో, కర్రు, రెక్క బిగించే లోపలి దిమ్మ మీద బీటలు వెతకండి. పాత వెల్డింగ్ కనిపించినంత మాత్రాన నాగలి చెడ్డది కాదు. పక్కన పట్టీ వేసి నిండుగా చేసిందైతే నిలబడుతుంది, బీట మీద పైపైన గీసిన వెల్డింగ్ మళ్లీ తెగుతుంది. లోపలి దిమ్మ పోత ఇనుముదై పగిలి ఉంటే కొనకండి.

ధర సంగతి. పక్క పట్టీలు, బోల్టులు, బుష్, రెండు కర్రులు, మార్చాల్సినవన్నీ దుకాణంలో ధర అడిగి 17 వేలకు కలపండి. ఆ మొత్తం అదే సైజు కొత్త నాగలి ధరలో అరవై శాతం దాటితే పాతది కొనడంలో లాభం లేదు. కొత్తదానికి కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన యాంత్రీకరణ పథకం కింద మహాడీబీటీలో (మహారాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్) సబ్సిడీ దరఖాస్తు చేసుకోవచ్చు. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 50 శాతం, మిగతావాళ్లకు 40 శాతం, ఒక పరిమితికి లోబడి ఇస్తారు. చిన్న రైతు అంటే రెండు హెక్టార్ల లోపు. మీ ఆరెకరాలు 2.43 హెక్టార్లు. అందుకని సాత్‌బారాలో (7/12 భూమి రికార్డు) ఎవరి పేరున ఎంత ఉందో చూసుకుని, ఎవరి పేరు మీద దరఖాస్తు పెట్టాలో తేల్చుకోండి. ముందస్తు మంజూరు పత్రం రాకముందు కొంటే సబ్సిడీ రాదు. పాత వాటికి ఈ సబ్సిడీ వర్తించదు. పాతది కొంటున్నప్పుడు కూడా, అది సబ్సిడీ మీద తీసుకున్నదేమో అడిగి, అమ్మినవారి సంతకంతో కాగితం రాయించుకోండి.

కొన్నాక మొదటి పని రెక్కలను నున్న చేయడం. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్క్ వేసి, 60 నంబరుతో మొదలుపెట్టి 80తో ముగించండి. మట్టి ఎటు జారుతుందో ఆ దిశలోనే, ముందు నుంచి వెనక్కి రుద్దాలి. అడ్డంగా రుద్దితే గీతల్లో మట్టి పట్టుకుంటుంది. ఆ తర్వాత గోదావరి ఒడ్డున ఎవరిదైనా ఇసుక కలిసిన చెలక ఉంటే అందులో గంటసేపు నడపండి, ఇసుకే మెరుగు పెడుతుంది. మీ రేగడిలోకి ఆ తర్వాతే దించండి. పని అయిన ప్రతిసారీ మట్టి గీకేసి, వాడిన ఇంజన్ ఆయిల్ గాని గ్రీజు గాని పూయండి. ఒక్క వానకు తడిసినా నున్నదనం పోతుంది.

టైర్ల దూరం సర్దుకోవాలి. దున్నేటప్పుడు ఒక పక్క చక్రాలు చాలులో నడుస్తాయి. 8.3 టైరు వెడల్పు 21 సెంటీమీటర్లు, చాలు 30, ఇబ్బంది లేదు. వెనుక టైరు లోపలి అంచు చాలు గోడ వెంట ఉన్నప్పుడు, కర్రు బయటి కొస సరిగ్గా ఆ అంచు వరుసలో రావాలి. కొస లోపలికి ఉంటే మధ్యలో దున్నని కట్ట మిగులుతుంది. బయటికి పోతే కోత తగ్గి సగం వెడల్పే తిరగబడుతుంది. పల్టీ నాగలికి కింది చేతుల లిఫ్ట్ రాడ్లు రెండూ ఒకే పొడవు ఉండాలి. బండి చాలులోకి వాలినప్పుడు నాగలి నేలకు నిలువుగా నిలబడేలా ఇందాక చెప్పిన మర బోల్టులతో కుడి వైపుకు, ఎడమ వైపుకు విడివిడిగా సర్దండి. టాప్ లింక్‌ను మడమ చాలు అడుగున లేతగా గీత గీసేలా పెట్టండి. గీత పడకపోతే మడమ లేచి ఉంది, లింకు కొంచెం పొడవు చేయండి. గీత మరీ లోతుగా పడి మొన దిగకపోతే కొంచెం కుదించండి. ఒక్కోసారి మరను ఒక చుట్టే తిప్పి చూడండి.

లోతు ఏడు అంగుళాలన్నది లెక్క. మీ నేల ఎంత ఒప్పుకుంటుందో చక్రమే చెబుతుంది. వెనుక చక్రం మీద సుద్దతో గీత పెట్టి, నాగలి ఎత్తి పది చుట్లకు బండి ఎంత దూరం పోయిందో కొలవండి. 8.3-24 టైరుకు సుమారు 30 మీటర్లు వస్తుంది. నాగలి దించి మళ్లీ పది చుట్లు. 25న్నర మీటర్ల పైన వస్తే 15 శాతం లోపే జారుతోంది, బాగుంది. 24 కన్నా తగ్గితే అంగుళం లోతు తగ్గించండి. జారుతున్న చక్రంతో అలాగే లాగిస్తే డీజిల్, టైరు రెండూ కాలిపోతాయి, చాలు అడుగు పాలిష్ పట్టినట్టు గట్టిపడి వేళ్లు దిగవు.

ఎప్పుడు దున్నాలన్నది మీ సైజు బండికి చాలా ముఖ్యం. పెద్ద ట్రాక్టర్లు మే నెలలో బీటలు పడిన రేగడిని పెళ్లలు పెళ్లలుగా లేపుతాయి. మీ బండితో ఆ సాహసం వద్దు, ఎండిన రేగడి అడిగే లాగుడు రెట్టింపవుతుంది. శనగ కోసిన వారం, పది రోజుల్లో, లోపల పదును ఉండగానే మొదలుపెట్టండి. ఆరు అంగుళాల లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. నాలుగైదు ముక్కలుగా విరిగితే దున్నే సమయం అదే. చపాతీలా అణిగితే ఇంకా తడి ఉంది, రెక్కకు అంటుకుంటుంది, నేల గట్టిపడుతుంది. ఉండే కట్టకపోతే ఆలస్యమైంది, మంచి వాన పడేదాకా ఆగండి. శనగ కోయగానే దున్నితే, తిరగేసిన గరిక వేళ్లకు ఏప్రిల్, మే ఎండలు పూర్తిగా తగులుతాయి. దున్నిన వెంటనే రోటవేటర్ తిప్పకండి, ముక్కలైన ప్రతి వేరూ మళ్లీ మొలుస్తుంది. ఎండిన వేళ్లను తర్వాత పళ్ల గొర్రుతో లాగి గట్టు మీద కుప్ప వేయండి. కాయతొలుచు పురుగు కోశస్థ దశలో మట్టిలో ఉంటుంది, అదీ పైకి తేలి ఎండకు, కొంగలకు పోతుంది.

బావగారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం, సింగిల్‌తో సమయం పడుతుంది. 30 సెంటీమీటర్ల కోత, గంటకు నాలుగు కిలోమీటర్లు, మలుపులు పోను ఎకరానికి నాలుగున్నర గంటలు. ఆరెకరాలకు 27 గంటలు, రోజుకు ఏడు గంటల లెక్కన నాలుగు రోజులు. డీజిల్ గంటకు మూడు లీటర్లకు అటూ ఇటూ, ఎకరానికి 13 నుంచి 15 లీటర్లు. మీ ఊళ్లో పెద్ద ట్రాక్టర్ పల్టీ కిరాయి ఎకరానికి ఎంతో దీనితో పోల్చుకోండి. రేగడిని ఏటా తిరగేయనక్కర్లేదు, రెండు, మూడేళ్లకోసారి చాలు. మీ ఆరెకరాల కోసమే అయితే కిరాయికి దున్నించుకోవడమే చవక కావొచ్చు. తమ్ముడి పొలం కూడా కలుస్తోంది కాబట్టి, కిరాయి బండి మీకు పదును ఉన్న వారంలోనే దొరుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి సొంతది ఉండటం మంచిదని మా అభిప్రాయం.

కిన్వట్ చెలక మాటకొస్తే, అక్కడ లాగుడు తగ్గుతుంది, దెబ్బలు పెరుగుతాయి. నాగలి దూలానికి షియర్ బోల్ట్ ఉందో లేదో బాసరలోనే చూడండి. రాయి తగిలినప్పుడు ఆ బోల్టు తెగి నాగలి వెనక్కి మడుచుకోవాలి. చాలా పాత నాగళ్లలో తెగిన బోల్టు స్థానంలో దొరికిన గట్టి కడ్డీ ఏదో కొట్టేసి ఉంటుంది. అప్పుడు బోల్టు తెగదు, దూలం వంగుతుంది లేదా లోపలి దిమ్మ పగులుతుంది. తయారీదారు చెప్పిన గ్రేడు బోల్టులే, బోల్టు తల మీద ఆ గ్రేడు అంకె ముద్రించి ఉంటుంది, ఆరేడు కొని టూల్ బాక్సులో వేసుకోండి. షియర్ బోల్ట్ ఏర్పాటే లేని నాగలైతే మీ రేగడికి వాడుకోవచ్చు గాని తమ్ముడి రాళ్ల పొలంలో దించకండి. వాలు పొలంలో వాలుకు అడ్డంగా దున్నుతూ, ప్రతి చాలుకూ నాగలి తిప్పి మట్టి ఎగువకే పడేలా చూడండి, పల్టీ నాగలికి ఆ వీలుంది. నాలుగైదు అంగుళాల లోతు మించకండి, అడుగున రాతి పొర తగిలే చోట ఇంకా తగ్గించండి. లాక్ పిన్ను, టాప్ లింక్ పిన్ను రెండింటికీ క్లిప్పులు వేసి, నాగలి ఎత్తిన తర్వాత లిఫ్ట్ లివర్‌కు లాక్ ఉంటే అది కూడా పెట్టాకే కిన్వట్ రోడ్డెక్కండి.